ద్రాక్షసీమలకు ఇంటనుండి యాత్ర

దేశసంచారము వలన గలుగు జ్ఞానమును మన పెద్దలు వేయినోళ్ళ గొనియాడిరి. కాని ఆ సంచారము చేయు అవకాశము మన యిండ్లలోని స్త్రీలకు లభించినది స్వల్పము. కాశికి పోయివచ్చినవారు చెప్పగా విని గంగను మనస్సున నిలుపుకొనుటయు, సముద్రము దాటినవారు వ్రాసిన జాబులు చదివి పరదేశములను ఊహించుటయు మన అవ్వలు చేసిన యాత్రలు. అవి ఒకరు చూచినదానిని మరియొకరు వినుటయే గాని, తమ కంటితో తాము చూచుట కాదు. నేడు చేతిఫోను లేని యిల్లు అరుదు. ఆ ఫోనులోని పటములును, లోకమందలి జనులు ఒండొరులకు చూపుకొను చిత్రములును మనకు క్రొత్తచూపు నొసగుచున్నవి. వాని సాయముతో ద్రాక్షసీమలను, అనగా ద్రాక్షతోటలు పెంచి వైను తయారుచేయు ప్రదేశములను, ఇంటనుండియే చూచివచ్చు విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వైను పేరు వినగనే కొందరు సోదరీమణులు "ఇది మనకేల?" అని ముఖము త్రిప్పుకొనవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మద్యము వలన సంసారములు చెడునని మనకు పుస్తకములు చెప్పనక్కరలేదు. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున రాత్రిబడిలో అక్షరములు దిద్దిన స్త్రీలు, రోశమ్మగారు మొదలగువారు, సారా అమ్మకమును ఎదిరించి నిలిచిరి. ఆ ఉద్యమము ఆంధ్రదేశమంతట వ్యాపించగా 1993 అక్టోబరులో ప్రభుత్వము సారాను నిషేధింపవలసివచ్చెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినను, ఆ స్త్రీల సాహసము చరిత్రలో నిలిచియున్నది. కాబట్టి త్రాగుడును పొగడుటకు మేము కలము పట్టలేదు. మితముగా త్రాగిన వైను ఆరోగ్యమునకు మంచిదని యొక మాట లోకమున వాడుకలో నున్నది గాని, మద్యమునందు హానిలేని మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టముగా ప్రకటించినది.

అయినను గాజుపాత్రలోనిది వేరు. ఆ పాత్రకు వెనుకనున్న నేలయు శ్రమయు వేరు. కల్లు ముట్టనివారు తాటితోపును చూచి సంతసింపరా? రాతికొండల మీద, అగ్నిపర్వతపు బూడిదలో, సముద్రపు గాలుల కెదురుగా మనుష్యులు వందలకొలది సంవత్సరములు పెనగులాడి పెంచిన తీగ ద్రాక్ష. ఆ పెనగులాటను చూచుటకు గ్రుక్కెడు వైనైనను రుచి చూడనక్కరలేదు.

మూడు చూపులు

2005వ సంవత్సరమున గూగుల్ సంస్థ తన పటములను, ఆ యేడే ఉపగ్రహచిత్రములతో భూగోళమును చూపు గూగుల్ ఎర్త్‌ను ప్రజలకు అందించినది. వీధిలో నిలుచుండి నలుదెసల చూచినట్లు కనబరచు స్ట్రీట్ వ్యూ 2007లో అమెరికాలో మొదలై క్రమముగా ఇతర దేశములకు వ్యాపించినది. 2004లో ఇంగ్లండున ప్రారంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనునది వేరొక తీరు పటము. అది లోకమందలి జనులు తమ తమ ఊళ్ళ త్రోవలను, కాలువలను స్వచ్ఛందముగా గుర్తించి కూర్చుచున్నది. ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము, యూట్యూబు మొదలగు సామాజిక మాధ్యమములు మన కందరకు తెలిసినవే.

ఆకాశమునుండి చూచుట మొదటి చూపు. వీధిలో నిలిచి చూచుట రెండవ చూపు. అక్కడివారు పెట్టిన చిత్రములను, మాటలను చూచుట మూడవ చూపు. ఈ మూడింటిలో ఏ యొక్కటియు చాలదు. ఇది మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. ఇక కొన్ని సీమలను చూతము.

డౌరోనది మెట్లు

పోర్చుగల్ దేశమున పోర్టో నగరమువద్ద డౌరో అను నది సముద్రమున కలియుచున్నది. పటమును వ్రేలితో జరుపుచు నదివెంట తూర్పునకు పోవుదుము. సుమారు నూరు కిలోమీటర్లు పోవుసరికి రెండువైపుల కొండలమీద సన్నని వంకరగీతలు కానవచ్చును. పండుగనాడు వాకిట వేసిన మెలికలముగ్గువలె నవి కొండకొండకును చుట్టుకొనియుండును. దగ్గరగా తెచ్చి చూచినచో ఆ గీతలు కొండను చెక్కి కట్టిన మెట్లనియు, మెట్టుమెట్టునను ద్రాక్షతీగలు పెరుగుచున్నవనియు తెలియును. అక్కడి నేల మట్టికంటె పలకరాయియే యెక్కువగా గలది. ఆ రాతిని పగులగొట్టి, ఆ రాతితోడనే గోడలు పేర్చి, మనుష్యులు నేలను తయారుచేసికొనిరి. ఈ సీమకు 1756లోనే ప్రభుత్వము ఎల్లలు నిర్ణయించి రాతిస్తంభములు నాటించెను. 2001లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

నదియొడ్డున పిన్యావ్ అను చిన్నయూరు కలదు. దాని రైలుస్టేషను గోడలపై నీలిరంగు పెంకులతో ద్రాక్షకోత దృశ్యములు చిత్రింపబడియున్నవి. స్ట్రీట్ వ్యూలో ఆ యూరి వీధులలో తిరిగి, ప్రయాణికులు పెట్టిన ఫోటోలలో ఆ పెంకులను తీరికగా చూడవచ్చును.

ఈ నదికిని పటమునకును పాతసంబంధ మొకటి కలదు. జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అను ఆంగ్లవర్తకుడు పోర్టోలో స్థిరపడి, ఏండ్లతరబడి శ్రమపడి, 1840ల కాలమున డౌరోనదికి సవివరమైన పటములు గీచెను. ఏ మలుపున ఏ సుడి యున్నదో అతనికి తెలిసినంతగా ఇతరులకు తెలియదనిన అతిశయోక్తి కాదు. అట్టి వాడు 1861 మే నెలలో వలైరా అనుచోట పడవ మునిగి, ఆ నదిలోనే మరణించెను. అతని దేహము కూడ దొరకలేదు. అదే పడవలో నున్న దోనా అంటోనియా ఫెరీరా అను స్త్రీ బ్రదికి బయటపడెను. ఆమె తొడిగిన గుడారమువంటి వెడల్పు పావడా ఆమెను నీటిపై తేల్చినదనియు, ఫారెస్టరు నడుమున నున్న డబ్బుసంచి అతనిని క్రిందికి లాగినదనియు అక్కడివారు చెప్పుకొందురు.

ఆ అంటోనియాగారి చరిత్ర మన స్త్రీలు తెలిసికొనదగినది. ఆమె 1811లో పుట్టి, 33 యేండ్లకే భర్తను కోల్పోయి, తోటల వ్యవహారమంతయు తానే చేతబట్టెను. అడవిపట్టున క్రొత్తతోటలు వేయించెను, కూలీలకు పని కల్పించెను, వైద్యశాలలకు తోడ్పడెను. 1896లో ఆమె మరణించునాటికి డౌరోసీమలో ఆమెను ఎరుగనివారు లేరు. నేటికిని ఆమెను అక్కడివారు "ఫెరీరిన్యా" అని ముద్దుపేరుతో తలచుకొందురు.

ఇప్పుడు పటమున వలైరాను వెదకి చూడుడు. అచ్చట నది చెరువువలె నిశ్చలముగా నుండును. 1976లో పూర్తియైన ఆనకట్ట వెనుక ఆనాటి సుడిగుండము మునిగిపోయినది. పటము నేటి నీటిని చూపునే గాని, నాటి సుడిని చూపదు. దానిని తెలిసిన మనుష్యులే చెప్పవలెను.

బూడిదలో పుట్టిన తోట

ఆఫ్రికా పడమటితీరమునకు దూరముగా, స్పెయినుదేశమునకు చెందిన లాంజరోటే అను దీవి కలదు. 1730 నుండి 1736 వరకు అచ్చటి అగ్నిపర్వతములు ఎడతెగక ప్రేలి, పండుచేలను నల్లని బూడిదతో కప్పివేసినవి. రైతు గుండె పగులవలసిన సమయమది. కాని ఆ రైతులు బూడిదను రెండుమూడు మీటర్ల లోతున గుంటలుగా త్రవ్వి, అడుగున నున్న పాతమట్టిని చేరి, గుంటకొక తీగ చొప్పున నాటిరి. గాలి వచ్చువైపున అర్ధచంద్రాకారముగా రాతిగోడలు పేర్చిరి. వాన మిక్కిలి తక్కువగు ఆ దీవిలో ఆ బూడిదయే రాత్రిమంచును పీల్చి, పగటియెండకు తేమ ఆరిపోకుండ కాపాడుచున్నది. శత్రువనుకొన్నదే రక్షకమైనది.

లా హేరియా అను పేరుతో ఈ ప్రదేశమును పటమున వెదకి, ఉపగ్రహచిత్రమును తెరువుడు. నల్లని నేలపై వేలకొలది అర్ధచంద్రులు, ఒక్కొక్క చంద్రునిలో ఒక్కొక్క పచ్చనిచుక్క! చుక్కలముగ్గు వేయుటయందు ఆరితేరిన మన స్త్రీలకు ఈ దృశ్యము ఎంత ప్రియముగా నుండునో చెప్పనక్కరలేదు. నేలమీద నిలిచినవానికి కొన్ని గుంటలు మాత్రమే కనబడును. కొండవాలు పొడవున సాగిన పోలిక పైచూపునకే చక్కగా తెలియును.

పైచూపునకు అందనిది

గ్రీసుదేశమందలి సాంటొరీని కూడ అగ్నిపర్వతపు దీవియే. కాని ఉపగ్రహచిత్రమున అచ్చటి ద్రాక్షతోటలను చూచినవారు నిరాశపడుదురు. బూడిదరంగు నేలపై చెదరిన చుక్కలు తప్ప మరేమియు కానరాదు. ఇక్కడ మూడవచూపు అవసరము. అక్కడి రైతులును ప్రయాణికులును పెట్టిన ఫోటోలను చూచినచో ఆ చుక్కల రహస్యము బయటపడును. అక్కడ తీగను పందిరి కెక్కింపరు. ఏటేట శీతకాలమున తీగను కత్తిరించి, గుండ్రముగా చుట్టి, నేలమీద బుట్టవలె అల్లుదురు. గెలలు ఆ బుట్టలోపల, బలమైన గాలికిని మండుటెండకును చాటున పండును. మేదరివారు వెదురుతో చేయుపనిని వారు ప్రాణమున్న తీగతో చేయుచున్నారు.

మరియొక విశేషము. 19వ శతాబ్దమున ఫిలాక్సెరా అను సూక్ష్మకీటకము అమెరికానుండి వచ్చి ఐరోపా ద్రాక్షతోటలను వేళ్ళతో సహా నాశనము చేసెను. కీటకమునకు ఓర్చుకొను అమెరికా ద్రాక్షవేరునకు ఐరోపా తీగను అంటుకట్టిన తరువాతనే ఆ తోటలు మరల లేచినవి. సాంటొరీని బూడిదనేలలో ఆ పురుగు బ్రదుకలేకపోయినందున అచ్చటి తీగలు నేటికిని తమ సొంతవేళ్ళపైననే నిలిచియున్నవి. ఇట్టి సంగతి ఏ పటమును చెప్పదు. ఒక ఫోటో క్రింద "ఈ తీగ వయస్సెంత?" అని మనము అడిగినచో ఆ రైతు చెప్పవచ్చును. అతడు గ్రీకుభాషలో వ్రాసినను ఫోనులోని అనువాదసాధనము తెలుగు చేసి చూపును; ఆ తెలుగు కొంత తప్పులతడకగా నుండును గాని భావము చిక్కును.

నేల క్రింద నగరము

ఫ్రాన్సుదేశపు షాంపేను సీమలో రేమ్స్ నగరవీధులను స్ట్రీట్ వ్యూలో చూచినచో సుందరమైన భవనములు, పెద్ద దేవాలయము కనబడును. కాని ఆ సీమ ప్రాణము నేలక్రింద నున్నది. పూర్వకాలమున సుద్దరాతి కొరకు త్రవ్విన గనులలో, చల్లని చీకటిసొరంగములలో సీసాలు వరుసలుగా పేర్చబడియుండును. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగిగుండ్లు కురియుచుండగా ఆ నగరవాసులు ఈ సొరంగములలో తలదాచుకొని, పిల్లలకు బడులు సైతము అచ్చటనే నడిపిరి. ఇదంతయు ఉపగ్రహమునకు కనరాదు. లోపలికి దిగినవారు తీసిన చిత్రములే మనకు దిక్కు.

ఈ సొరంగములలో మార్పు తెచ్చినది కూడ ఒక స్త్రీయే. బార్బ్ నికోల్ క్లికో 1805లో, 27 యేండ్ల వయస్సున, భర్తను కోల్పోయెను. ఆనాటి ఫ్రెంచిచట్టము ప్రకారము పెండ్లియైన స్త్రీ భర్త యనుమతి లేక వ్యాపారపు ఒడంబడికలు చేసికొనరాదు. భర్త పోయిన స్త్రీకి మాత్రము ఆ హక్కు కలదు. స్వాతంత్ర్యము దుఃఖపు వాకిటనుండి రావలసివచ్చుట ఎంత విచారకరము! ఆమె ఆ హక్కును వినియోగించుకొని మామగారి వ్యాపారమును నిలువబెట్టెను. సీసాలో మిగులు మడ్డిని తొలగించుటకు బల్లకు రంధ్రములు చేసి, సీసాలను మెడ క్రిందుగా నిలిపి, దినదినము కొంచెము కొంచెము త్రిప్పుచు మడ్డిని మూతికడకు దింపు పద్ధతిని 1816 ప్రాంతమున ఆమెయే కనిపెట్టెనని ప్రసిద్ధి. ఆమె మరణించినది 1866లో.

గోదావరి పుట్టినచోట

ఇంతదూరము పోయినవారము మన దేశమునకు తిరిగివత్తము. మహారాష్ట్రమందలి నాసిక్ ప్రాంతము ద్రాక్షకు ప్రసిద్ధి. అచ్చట పండు ద్రాక్షలో అధికభాగము తినుటకే పోవును, కొంత వైనగుచున్నది. 2022 జూలైలో స్ట్రీట్ వ్యూ మన దేశమున మరల ఆరంభమైనప్పుడు మొదట చూపిన పదినగరములలో మన హైదరాబాదుతోపాటు నాసిక్ కూడ నున్నది. శీతలదేశములలో తీగ చలికాలమున నిద్రించును. ఇచ్చట దానికి నిద్ర లేదు. కావున రైతులు ఏప్రిలులో నొకసారి, అక్టోబరులో నొకసారి కత్తిరింపులు చేసి, జనవరి మొదలుకొని మూడునెలలు పంట కోయుదురు.

నాసిక్ నగరమునకు పడమట గంగాపూర్ జలాశయము కలదు. దాని తీరమున ద్రాక్షతోటలు పటమున చక్కగా కనబడును. ఆ జలాశయమున నిలిచిన నీరు ఎవరిదనుకొన్నారు? మన గోదావరిదే! కొంచెము పడమటికి జరిపినచో త్ర్యంబకము, ఆ తల్లి పుట్టినచోటు. అచ్చటినుండి వ్రేలితో నదివెంట దిగుచు వచ్చిన నాందేడు, బాసర, ధర్మపురి, కాళేశ్వరము, భద్రాచలము దాటి రాజమహేంద్రవరము చేరుదుము. ఈ దీర్ఘయాత్ర వంటయింటి గడప దాటకుండ ముగియును. పుష్కరములకు మునుగు నీరు ఎగువన ఎవరి తోటలు తడిపి వచ్చుచున్నదో తెలిసికొనుట పుణ్యమునకు తక్కువ కాదు.

అయితే ఆ తోటలను సామాజిక మాధ్యమములలో వెదకినచో మొదట కనబడునది వేరు. సూర్యాస్తమయము, గాజుపాత్ర, నవ్వుముఖము! పదిచిత్రములలో తొమ్మిది ఇట్లే యుండును. పందిళ్ళక్రింద చేతులెత్తి గెలలు పలుచన చేయు కూలిస్త్రీలు ఆ చిత్రములకు చిక్కరు. వారిని చూడగోరినచో "నాసిక్ ద్రాక్ష" అని గాక, ద్రాక్షరైతులు తమకొరకు తాము పెట్టుకొను వీడియోలను, కత్తిరింపులను గూర్చియు మందులను గూర్చియు మాటలాడుకొను వీడియోలను చూడవలెను. ఒక సీమ తన్ను తాను అమ్ముకొనునప్పుడు చూపుముఖము వేరు, పనిలోనున్నప్పటి ముఖము వేరు.

హైదరాబాదు పరిసరములు కూడ నొకప్పుడు అనబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరుపొందినవి. ఆ తోటలలో అనేకము నేడు ఇండ్లస్థలములైనవి. గూగుల్ ఎర్త్‌లో పాతసంవత్సరముల చిత్రములను చూచు సదుపాయము కలదు. నగరపు అంచులను ఏడాది వెంబడి ఏడాదిగా త్రిప్పి చూచినచో ఆకుపచ్చ తగ్గి బూడిదరంగు పెరుగుట కన్నులార చూడవచ్చును.

చూచువారు గుర్తుంచుకొనవలసినవి

మొదటిది, కాలము. ఉపగ్రహచిత్రము ఈ క్షణమున తీసినది కాదు. స్ట్రీట్ వ్యూలో ఆ చిత్రము తీసిన నెలయు సంవత్సరమును వ్రాసియుండును. దానిని చూడక నమ్మరాదు. రెండవది, ఋతువు. ఐరోపాలో కోత ఆగస్టు మొదలు అక్టోబరు వరకు. భూమధ్యరేఖకు దిగువనున్న అర్జెంటీనా మొదలగు దేశములలో ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు. ఒకే తోటను ఏడాదిపొడవున అప్పుడప్పుడు చూచుచుండినచో మోడు చిగురించుటయు, పండుటయు, ఆకురాల్చుటయు తెలియును. మూడవది, ప్రకటన. డబ్బు తీసికొని పొగడు చిత్రములు చాల కలవు; మద్యమును సొగసుగా చూపునవి మరియు నెక్కువ. పిల్లలతో కలిసి చూచునప్పుడు ఈ సంగతిని వారికి విప్పి చెప్పవలెను. మానిపించుటకంటె తెలియజెప్పుట మేలు. నాల్గవది, మన భద్రత. ఇతరుల ఊళ్ళను మనము చూచునట్లే మన యింటిని ఇతరులు చూడగలరు. ఊరికి పోయినప్పుడు ఇల్లు తాళమువేసియున్నదని తెలియునట్లు చిత్రములు పెట్టరాదు. తిరిగివచ్చిన పిదప పెట్టవచ్చును.

ఈ నేర్పు వినోదమునకు మాత్రమే గాదు. 2017 అక్టోబరులో కాలిఫోర్నియాలోని నాపా, సోనోమా ద్రాక్షసీమలను కార్చిచ్చు చుట్టుముట్టినది. ఉత్తర కాలిఫోర్నియాలో ఆ నెలమంటలకు 40 మందికి పైగా మరణించిరి. ఆ సీమలకు దక్షిణమున శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరములలో తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. అట్టి సమయమున మంట ఎంతవరకు వచ్చినది, తమ బిడ్డ ఇల్లు అచ్చటి కెంతదూరము అనునది పటమున తానే చూచుకొనగల తల్లికిని, ఎవరైన చెప్పువరకు గుండెచిక్కబట్టుకొని కూర్చుండవలసిన తల్లికిని ఎంత భేదమున్నది!

ద్రాక్షసీమ నిచ్చట ఉదాహరణముగా గైకొంటిమి. ఇట్లే చూచిన కాశ్మీరపు కుంకుమపువ్వు చేలు, అస్సాము తేయాకుతోటలు, మన అరకులోయ కాఫీతోటలు కూడ తమ కథలు చెప్పును. మధ్యాహ్నము పనులు ముగిసినపిమ్మట అరగంట చాలును. ఒకనాడు ఒక సీమను ఎంచుకొనుడు. పైనుండి చూడుడు, వీధిలో నడువుడు, అక్కడివారి మాట వినుడు. కనుగొన్నదానిని రాత్రి భోజనమువేళ ఇంటిల్లిపాదికి చెప్పుడు. ఇంతకాలము యాత్రలు చేసివచ్చిన వారి మాటలు వినువారము మనమే. ఇకమీదట చెప్పువారము కూడ మనమే కావలెను.